నిర్దోషిగా బయటపడినా ఖాకీ అందని చోట

మేజిస్ట్రేటు కోర్టుల్లో కొట్టేసిన కేసుల తీర్పులు పది తీసి చదివితే చివరి పేరా పదింటిలోనూ దాదాపు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటుంది. నేరాన్ని అనుమానానికి తావు లేకుండా రుజువు చేయడంలో ప్రాసిక్యూషన్ విఫలమైందని, అందువల్ల బెనిఫిట్ ఆఫ్ డౌట్ ఇచ్చి నిందితులను విడుదల చేస్తున్నామని ఇంగ్లిషులో రెండు మూడు వాక్యాలు. ఆ రోజు కోర్టు ఆవరణలో ఆ వాక్యాలను ఎవరూ నిదానంగా చదవరు. ‘కొట్టేశారు’ అన్న మాట చెవిన పడితే చాలు. వకీలుకు ఇవ్వాల్సిన మిగతా ఫీజు ఇచ్చేసి, ఎదురుగా ఉన్న హోటల్లో టీ తాగి ఊరి బస్సెక్కుతారు.

నాలుగైదేళ్లు గడుస్తాయి. ఆ నిందితుల్లో ఒకరు కానిస్టేబుల్ రాతపరీక్ష నెగ్గి, 1600 మీటర్ల పరుగు పూర్తిచేసి, ఎంపిక జాబితాలో తన నంబరు చూసుకుంటారు. అప్పుడు ఆ పాత తీర్పు నకలు జిల్లా పోలీసు కార్యాలయంలో ఒక బల్ల మీదికి చేరుతుంది. అక్కడ మాత్రం ముందు చదివేది చివరి పేరానే. బెనిఫిట్ ఆఫ్ డౌట్ అన్న మాటల కింద పెన్నుతో గీత పడుతుంది. కొన్ని వారాలకు అభ్యర్థి ఇంటికి నోటీసు వస్తుంది: మీ ఎంపికను ఎందుకు రద్దు చేయకూడదో చెప్పండి.

కోర్టే నిర్దోషి అన్నాక పోలీసు శాఖ కాదనడం ఏమిటన్నది ఈ నోటీసు అందుకున్న ప్రతి ఇంట్లో వినిపించే ప్రశ్న. ప్రశ్న సబబైనదే, కానీ చట్టం దగ్గర దానికి మూడు దశాబ్దాలుగా ఒక జవాబు ఉంది. ఆ జవాబులో సగం న్యాయంగానే తోస్తుంది, మిగతా సగం మింగుడు పడదు.

న్యాయంగా తోచే సగం ఇది. క్రిమినల్ కోర్టు చూసేది ఒక్కటే: ఈ మనిషి ఫలానా నేరం చేశాడని అనుమానానికి తావు లేకుండా తేలిందా లేదా. తేలకపోతే వదిలేయాలి. ఒకరిని జైలుకు పంపేముందు అంత గట్టి రుజువు అడగడం న్యాయం. పోలీసు ఉద్యోగం ఇచ్చే అధికారి ముందున్న ప్రశ్న వేరు. ఈ మనిషి చేతికి లాఠీ, తుపాకీ ఇవ్వవచ్చా, ఇతని కస్టడీలో మరొక మనిషిని ఉంచవచ్చా, ఒక మహిళ ఫిర్యాదు చేయడానికి స్టేషన్ మెట్లెక్కితే ఎదురుగా ఇతను కూర్చుని ఉండవచ్చా అని ఆయన చూడాలి. 1996లో ఢిల్లీ పోలీసు కానిస్టేబుల్ నియామకంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే గీత గీసి చూపింది. ఆ అభ్యర్థి రాతపరీక్ష, వైద్యపరీక్ష అన్నీ దాటాడు. పూర్వాపరాల విచారణలో పాత క్రిమినల్ కేసు బయటపడింది. అందులో అతను నిర్దోషిగా విడుదలయ్యాడు. అయినా నియామకానికి చూడాల్సింది అభ్యర్థి నడవడిక, స్వభావమే తప్ప కేసు ఎలా ముగిసిందన్నది కాదని కోర్టు చెప్పింది. తర్వాత వచ్చిన తీర్పులన్నీ ఆ గీతకు అటో ఇటో నిలబడినవే.

ఇక్కడ ఒక మాట తేల్చుకోవాలి. వాడుకలో ‘కేసు కొట్టేశారు’ అన్న ఒక్క మాట కింద ఐదారు రకాల ముగింపులు ఇమిడిపోతాయి. ఘటన జరిగిన వేళ నిందితుడు అక్కడ లేనే లేడని సాక్ష్యంతో తేలడం ఒకటి. ఫిర్యాదుదారు, ప్రత్యక్ష సాక్షి బోనెక్కి ‘నేనేమీ చూడలేదు, పోలీసులు ఏం రాసుకున్నారో నాకు తెలియదు’ అనడం ఇంకొకటి. కోర్టు భాషలో ఇది సాక్షులు హోస్టైల్ కావడం. ఇరుపక్షాలూ రాజీపడి కేసు మూసుకోవడం మరొకటి. రాజీకి వీలున్న నేరాలు ఏవో పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 320వ సెక్షన్ చెప్పేది, 2024 జులై 1 నుంచి ఆ పని దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 359వ సెక్షన్ చేస్తోంది. అలా రాజీ అయిన కేసు చట్టం దృష్టిలో నిర్దోషిత్వ తీర్పుతో సమానం. ప్రభుత్వమే కేసు ఉపసంహరించుకుంటే, అభియోగాలు నమోదయ్యాక అయితే అదీ నిర్దోషిత్వమే. కాగితం మీద అన్నీ ఒకటే. నియామక అధికారి బల్ల మీద మాత్రం ఏ రెండూ ఒకటి కావు.

అందుకే ‘గౌరవప్రదమైన విడుదల’ అన్న మాట పుట్టింది. నిజానికి ఈ మాట ఐపీసీలో లేదు, ప్రొసీజర్ కోడ్‌లోనూ లేదు. 2012లో సుప్రీంకోర్టే ఈ సంగతి ఒప్పుకుంది. తమిళనాడులోని తెన్కాశి బస్టాండులో ఒక మహిళను వేధించాడన్న ఆరోపణపై శాఖాపరమైన విచారణ జరిపి ఒక పోలీసును ఉద్యోగం నుంచి తొలగించారు. క్రిమినల్ కేసులో ఫిర్యాదుదారులైన భార్యాభర్తలు మాట మార్చారు, అతను బయటపడ్డాడు. నిర్దోషిని కదా, ఉద్యోగం ఇవ్వండన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. గౌరవప్రదమైన విడుదల అంటే ఏమిటో కచ్చితంగా నిర్వచించడం కష్టమంటూనే, ప్రాసిక్యూషన్ సాక్ష్యాన్ని పూర్తిగా పరిశీలించి ఆరోపణ రుజువు కాలేదని కోర్టు తేల్చినప్పుడు దాన్ని గౌరవప్రదమైన విడుదల అనవచ్చని వివరించింది. చట్టంలో లేని మాట, న్యాయమూర్తులు అవసరానికి అల్లుకున్న మాట ఈరోజు వేలమంది యువకుల ఉద్యోగాలను తూచే రాయి అయింది.

ఆ తూకం ఎటు మొగ్గుతుందో చూడాలంటే కొన్ని కేసులను పక్కపక్కన పెట్టాలి. రాజస్థాన్‌లో కానిస్టేబుల్‌గా ఎంపికైన ఒక యువకుడి మీద పాత హత్య కేసు ఉంది. గాయపరిచిన నేరాలకు రాజీ అయింది, హత్యారోపణ బెనిఫిట్ ఆఫ్ డౌట్‌తో వీగిపోయింది. ఇది మచ్చలేని విడుదల కాదని 2021 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది అక్టోబరులో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్) అభ్యర్థి ఒకరికి అదే గతి పట్టింది. డబ్బు కోసం మనిషిని ఎత్తుకెళ్లారన్న కేసు అది, ఎత్తుకెళ్లారన్న మనిషే కోర్టులో ప్రాసిక్యూషన్‌కు ఎదురుతిరిగాడు. 2023 సెప్టెంబరులో మధ్యప్రదేశ్ అభ్యర్థి కేసులో ఒక బాలికను అటకాయించి వెంటపడ్డాడన్న ఆరోపణ ఉంది. రాజీ కుదిరింది, సాక్షులు మాట మార్చారు, అతను విడుదలయ్యాడు. కేసు ఉన్న సంగతి దాచకుండా ఫారంలో రాశాడు కూడా. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం హక్కు కాదని కోర్టు చెప్పింది.

ఇవి చదివాక రాజీ అంటే ఉద్యోగం పోయినట్టేనని అనిపిస్తుంది. కానీ 2022 డిసెంబరులో అదే మధ్యప్రదేశ్ నుంచి వెళ్లిన మరో కానిస్టేబుల్ అభ్యర్థి కేసులో ఫలితం తిరగబడింది. అతని మీద 2001 నాటి 498ఏ కేసు, అంటే భార్యను వేధించాడన్న కేసు ఉండేది, భార్యాభర్తల తగాదా. రాజీ కుదిరి 2006లో విడుదలయ్యాడు, 2013లో దరఖాస్తు పెట్టుకుంటూ ఆ సంగతి రాశాడు. శాఖ తిరస్కరించింది. ఎప్పుడో సద్దుమణిగిన సంసారపు గొడవను పట్టుకుని ఉద్యోగం నిరాకరించడం సరికాదని, నియమించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. అంటే రాజీ ఒక్కటే కొలత కాదు. దేనికి రాజీ, ఎప్పుడు రాజీ, రాజీకి ముందు ఏం జరిగింది అన్నవీ లెక్కలోకి వస్తాయి. మధ్యప్రదేశ్‌లోనే ఇంకో అభ్యర్థి కేసు పెండింగులో ఉందని అఫిడవిట్‌లో రాసి, ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే రాజీ చేసుకున్నాడు. ఉద్యోగం కోసమే రాజీ పడినట్టు కనిపించే అలాంటి తొందర అతనికి కలిసి రాలేదు. 2018లో తీర్పు శాఖ పక్షానే వెళ్లింది.

498ఏ విషయంలో తెలుగు రాష్ట్రాల పరిస్థితి కొంచెం వేరు. చాలా రాష్ట్రాల్లో ఇది రాజీకి వీల్లేని నేరం, పక్షాలు ఒప్పుకున్నా హైకోర్టుకు వెళ్లి కేసు కొట్టివేయించుకోవాల్సిందే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 2003 నాటి సవరణతో కోర్టు అనుమతి మీద కింది కోర్టులోనే రాజీ పడే వీలు కల్పించారు. దాంతో ఇక్కడ ఇలాంటి కేసులు లోక్ అదాలత్‌లోనే ముగిసే వీలు కలిగింది. మొగుడూ పెళ్లాల మధ్య గొడవలో మరిది పేరు, ఆడబిడ్డ పేరు, ఒక్కోసారి వేరే ఊళ్లో చదువుకునే తమ్ముడి పేరు కూడా ఫిర్యాదులోకి ఎక్కుతాయని ఏ స్టేషన్ రైటరును అడిగినా చెబుతారు. ఆ తమ్ముడే రేపటి అభ్యర్థి. అతనికి లోక్ అదాలత్ అవార్డు మీద సంతకం పెట్టిన సంగతి గుర్తుంటుంది కానీ, అది తన సర్వీసు రికార్డు మొదటి పేజీ కాబోతోందని అప్పుడు తెలియదు.

ఇక ఫారం సంగతి. ఇన్ని తీర్పులు తిరగేస్తే తేలేదొకటే: అభ్యర్థులను కేసు ముంచిన సందర్భాలకన్నా కేసును దాచడం ముంచిన సందర్భాలు తక్కువేమీ కావు. ఎంపికైనవారు అటెస్టేషన్ ఫారం నింపాలి. మీపై ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా, అరెస్టయ్యారా, విచారణ ఎదుర్కొన్నారా, శిక్ష పడిందా అని అందులో గడులుంటాయి. కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే సలహా ఒకటుంది: కొట్టేసిన కేసే కదా, రాయకపోయినా పర్వాలేదు, రాస్తేనే తంటా. ఇంతకన్నా ఖరీదైన సలహా ఇంకొకటి ఉండదు. స్పెషల్ బ్రాంచి వాళ్లు సొంతూరి స్టేషన్‌కు వెళ్లి విచారిస్తారు. దేశంలోని పోలీసు స్టేషన్లను కలిపే సీసీటీఎన్ఎస్ నెట్‌వర్కులో పేరు కొట్టినా ఎఫ్ఐఆర్ బయటపడే అవకాశం ఉంటుంది. కేసు చిన్నదే అయినా ‘లేదు’ అని రాసిన ఆ అక్షరాలు అప్పుడు పెద్దవవుతాయి.

అయితే ఫారం అడగనిది చెప్పలేదని ఎవరినీ తప్పుపట్టలేరు. ఈ సంగతి స్థిరపడింది మన దగ్గరి కేసులోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్ శిక్షణకు ఎంపికైన ఒక అభ్యర్థి, తాను ఒక కేసులో ఇరుక్కున్న సంగతి దాచాడని ఎంపిక రద్దుచేశారు. వ్యవహారం పరిపాలనా ట్రిబ్యునల్, హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకు చేరింది. న్యాయమూర్తులు ఫారం తెప్పించి చదివారు. అందులోని 12వ గడి అడిగింది ఒక్కటే: మీకు ఎప్పుడైనా కోర్టు శిక్ష వేసిందా, ముందస్తు నిర్బంధ చట్టాల కింద నిర్బంధించారా. అరెస్టు గురించి గాని, పెండింగు కేసు గురించి గాని అందులో ఒక్క మాట లేదు. అడగనిదానికి జవాబు రాయలేదని శిక్షిస్తారా అంటూ 2005లో రాష్ట్ర ప్రభుత్వ అప్పీలును కొట్టేశారు. ఇప్పటి ఫారాల్లో గడులు అంత పొడవుగా, అంత చుట్టేసేలా ఉండటానికి కారణం వెతికితే ఇలాంటి తీర్పులే కనిపిస్తాయి.

ఆ తర్వాత పదేళ్లలో సుప్రీంకోర్టు ధర్మాసనాలు ఒకదానితో ఒకటి పొసగని తీర్పులు ఇచ్చాయి. 2011లో జస్టిస్ మార్కండేయ కట్జూ ధర్మాసనం ఢిల్లీ పోలీసు అభ్యర్థి ఒకరిని క్షమించమంది. కుర్రతనంలో జరిగిన కొట్లాట అది, రాజీ అయిపోయింది, దరఖాస్తులో మాత్రం దాచాడు. ఆ తీర్పులో విక్టర్ హ్యూగో నవలలోని జాన్ వాల్జాన్ కనిపిస్తాడు. ఆకలితో ఉన్న అక్క పిల్లల కోసం ఒక రొట్టె దొంగిలించి జన్మంతా దొంగ ముద్ర మోసినవాడు. యువకులు తప్పులు చేస్తారు, వాటిని జీవితకాలపు ముద్రగా మార్చకూడదని కోర్టు భావం. రెండేళ్లు తిరిగేసరికి 2013లో మరో ధర్మాసనం అదే ఢిల్లీ పోలీసు శాఖ కేసుల్లో భిన్నంగా చూసింది. సాక్షులను లొంగదీసుకోవడం, రాజీలు కొనుక్కోవడం మామూలైన చోట విడుదలయ్యాడన్న ఒక్క కారణంతో పోలీసు బలగంలోకి రానిస్తే జనానికి ఆ బలగం మీద నమ్మకం సడలుతుందని చెప్పి, అభ్యర్థుల పూర్వాపరాలు పరిశీలించే స్క్రీనింగ్ కమిటీ నిర్ణయాన్ని సమర్థించింది. రెండు వాదనల్లోనూ నిజముంది. ఏ ధర్మాసనం ముందుకు కేసు వెళ్తుందన్న అదృష్టం మీద ఉద్యోగం ఆధారపడటమే అసలు చిక్కు.

ఆ చిక్కు విప్పడానికి 2016 జులై 21న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అవతార్ సింగ్ కేసులో తీర్పిచ్చింది. ఇప్పటికీ ఏ హైకోర్టులో ఈ రకం రిట్ పిటిషన్ వేసినా ముందు ఈ పేరే వినిపిస్తుంది. నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయాన్ని చిన్న వయసులో ఉన్న అభ్యర్థి దాచినా అధికారి దాన్ని పట్టించుకోకుండా వదిలేయవచ్చు. తీవ్రమైన నేరం లేదా నైతికంగా దిగజారిన పని అని చెప్పదగ్గ నేరంలో సాంకేతిక కారణంతోనో బెనిఫిట్ ఆఫ్ డౌట్‌తోనో బయటపడి ఉంటే, అధికారి అభ్యర్థి పూర్వాపరాలన్నీ చూసి నిర్ణయం తీసుకోవచ్చు. ముగిసిపోయిన కేసు గురించి అభ్యర్థి నిజం చెప్పినా, అతన్ని నియమించి తీరాలని అధికారిని బలవంతపెట్టలేరు. ఫారంలోని ప్రశ్న మాత్రం స్పష్టంగా ఉండాలి. తీర్పు సారం ఇంతే. జాగ్రత్తగా చదివితే ఇందులో అధికారికి దక్కింది విచక్షణ. ఆ విచక్షణను బుర్ర పెట్టి వాడాలన్న షరతు దానితోపాటే ఉంది. అమలులో షరతు జారిపోయి విచక్షణ ఒక్కటే మిగులుతోంది. తిరస్కరణ ఉత్తర్వులు చాలావరకు నాలుగు లైన్లు: ఫలానా సెక్షన్లు, బెనిఫిట్ ఆఫ్ డౌట్, కాబట్టి అనర్హుడు. కేసు ఏమిటి, ఇతని పాత్ర ఏమిటి, సాక్షులు ఏం చెప్పారు అన్నది అందులో కనపడదు.

మింగుడు పడని సగం మొదలయ్యేది ఇక్కడే.

వినాయక నిమజ్జనం రోజు రెండు వీధుల మధ్య గొడవ జరిగిందనుకుందాం. అటువైపు వాళ్లు ఫిర్యాదులో పదకొండు మంది పేర్లు ఇస్తారు. మొదటి ఇద్దరు నిజంగా కర్రలు పట్టుకున్నవాళ్లు, మిగతా తొమ్మిది మంది ఆ వీధిలో ఇల్లున్న పాపానికి ఎక్కినవాళ్లు. తొమ్మిదో నిందితుడిగా, కోర్టు భాషలో ఏ-9గా చేరినవాడికి అప్పుడు పంతొమ్మిదేళ్లు. గాయాల డాక్టరును విచారించరు, కర్రలు స్వాధీనం చేసుకున్న పంచనామాకు సాక్షి దొరకడు, దర్యాప్తు అధికారి బదిలీ అయి రెండేళ్లు వాయిదాలకు రాడు. ఈలోగా ఊరి పెద్దలు కూర్చుని రెండు వీధులనూ కలుపుతారు. సాక్షులు కోర్టుకు వచ్చి తెలియదంటారు. పదకొండు మందికీ కలిపి ఒకే బెనిఫిట్ ఆఫ్ డౌట్. ఏ-9 తాను నిర్దోషినని నిరూపించుకుంటానన్నా అవకాశం రాదు, ఎందుకంటే అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినవాళ్లే లేరు. క్రాస్ ఎగ్జామినేషన్ చేయడానికి ఎవరైనా ఉంటేనే కదా గౌరవప్రదంగా బయటపడేది.

ఆ కేసు దర్యాప్తు చేసింది పోలీసు శాఖ. వీగిపోయింది పోలీసు శాఖ పనితనం వల్ల. ఐదేళ్ల తర్వాత ఆ విడుదల మచ్చలేనిది కాదంటున్నదీ పోలీసు శాఖే. దర్యాప్తు లోపం వల్ల పోయిన కేసు భారాన్ని నిందితుడి ఖాతాలో రెండోసారి రాయడం ఇది. సాక్షులను బెదిరించి బయటపడ్డవాడికీ, సాక్షులే లేని కేసులో పదేళ్లు తిరిగినవాడికీ తేడా తీర్పు చివరి పేరాలో కనపడదు. తేడా తెలియాలంటే తీర్పు మొత్తం చదవాలి, వాంగ్మూలాలు చూడాలి, ఊళ్లో విచారించాలి. స్క్రీనింగ్ కమిటీలు ఉన్నదే అందుకు.

సర్వీసులో ఉన్న కానిస్టేబుల్ మీద కేసు పడితే అతనికి ఛార్జి మెమో ఇస్తారు, శాఖాపరమైన విచారణ జరుగుతుంది, సాక్షులను ప్రశ్నించే వీలుంటుంది, విచారణ లేకుండా ఉద్యోగం తీసేయకుండా కాపాడే రాజ్యాంగంలోని 311వ అధికరణం వెనక ఉంటుంది. ఎంపిక జాబితాలో పేరున్న అభ్యర్థికి ఇవేవీ లేవు. షోకాజ్ నోటీసు వస్తే దానికి ఒక జవాబు, అంతే. ఎంపికైనంత మాత్రాన నియామకం హక్కు కాదన్నది స్థిరపడిన సూత్రం కాబట్టి కోర్టులు కూడా నిర్ణయం తప్పా ఒప్పా అని చూడవు, నిర్ణయం తీసుకున్న తీరు సరిగా ఉందా అన్నదే చూస్తాయి. చండీగఢ్ పోలీసు కేసులో 2018 జనవరిలో ఇదే చెప్పారు: దురుద్దేశం ఉందని చూపితే తప్ప స్క్రీనింగ్ కమిటీ మాటే చివరి మాట. కాబట్టి రిట్ గెలిచినా చాలాసార్లు దొరికేది ఉద్యోగం కాదు, ‘మళ్లీ పరిశీలించండి’ అన్న ఆదేశం. మళ్లీ పరిశీలించేదీ ఆ కార్యాలయమే. ఈలోగా బ్యాచ్ శిక్షణ ముగించుకుని పాసింగ్ అవుట్ పరేడ్ చేసేస్తుంది, వయోపరిమితి దాటిపోతుంది.

ఎంతకాలం పట్టవచ్చో ఉత్తరప్రదేశ్ కేసు ఒకటి చెబుతుంది. 2004 ఫిబ్రవరిలో ఒక యువకుడు కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు, అప్పటికి ఏ కేసూ లేదు. ఏప్రిల్‌లో చిన్న కొట్లాట కేసు పడింది. సెప్టెంబరులో సాక్షులు మాట మార్చడంతో కోర్టు వదిలేసింది. ఆ తర్వాత ఇచ్చిన అఫిడవిట్‌లో తనపై కేసులేవీ లేవని రాశాడు. ఎంపిక రద్దయింది. స్థానిక స్టేషన్ అధికారి విచారించి కేసు గురించీ విడుదల గురించీ తెలిసే ఇతని నడవడిక మంచిదని నివేదిక ఇచ్చినా ఫలితం లేకపోయింది. సుప్రీంకోర్టు అతన్ని ఉద్యోగంలోకి తీసుకోమన్నది 2024 ఫిబ్రవరి 22న. దాచిన ప్రతిసారీ ఒకే చీపురుతో ఊడ్చేయడం అన్యాయమని, క్షేత్రస్థాయి వాస్తవాలు చూడాలని ఆ తీర్పు చెప్పింది. దరఖాస్తు పెట్టిన నాటినుంచి లెక్కేస్తే ఇరవై ఏళ్లు. అతనితో కలిసి పరుగు తీసినవాళ్లు ఈపాటికి హెడ్ కానిస్టేబుళ్లు అయి ఉంటారు.

పద్దెనిమిదేళ్లు నిండకముందు పడిన కేసులకు ఈ గొడవంతా వర్తించకూడదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం బాల నేరస్థుడిగా తేలినా ఆ కారణంగా తర్వాత ఏ అనర్హతా అంటుకోదు. పదహారేళ్లు దాటి ఘోరమైన నేరంలో పెద్దవారితో సమానంగా విచారణ ఎదుర్కొన్నవారికి మాత్రం మినహాయింపు. 2019లో సీఐఎస్ఎఫ్ అభ్యర్థి ఒకరి విషయంలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది: ఘటన నాటికి అతను మైనరు, కేసులో విడుదలయ్యాడు కూడా, ఒకవేళ శిక్షే పడి ఉన్నా అది అడ్డంకి కాకూడదు. పదో తరగతి సర్టిఫికెట్టులోని పుట్టినతేదీకి ఇంత విలువ ఉందని చాలామందికి తెలియదు.

ఆందోళనల్లో పడిన కేసుల దారి ఇంకోటి. తెలంగాణ ఉద్యమ కాలంలో యూనివర్సిటీ విద్యార్థుల మీద నమోదైన కేసులు చాలావరకు తర్వాత ఉపసంహరించారు, వాటిలో నినాదాలు, రాస్తారోకోలే ఎక్కువ. అవతార్ సింగ్ తీర్పు స్వల్పమని చెప్పిన కోవలోకి ఇవి సులువుగానే వస్తాయి. కానీ రైలుపెట్టె తగలబడితే సంగతి మారిపోతుంది. 2022 జూన్ 17న సైనిక నియామకాల కొత్త పథకం అగ్నిపథ్‌కు వ్యతిరేకంగా సికింద్రాబాద్ స్టేషన్‌లో జరిగిన విధ్వంసంలో అరెస్టయినవాళ్లలో సైన్యంలో చేరాలని ఏళ్ల తరబడి పరుగులు తీసిన యువకులున్నారు. నిరసనల్లో పాల్గొనలేదని అభ్యర్థులు రాసివ్వాలని, పోలీసు విచారణ తప్పదని సైనికాధికారులు ఆ వారంలోనే ప్రకటించారు. ఖాకీకైనా ఆకుపచ్చ యూనిఫారానికైనా దారి అదే స్పెషల్ బ్రాంచి బల్ల మీదుగా వెళ్లాలి.

బెనిఫిట్ ఆఫ్ డౌట్ మాటకు కోర్టులు ఇచ్చే బరువు మీద 2023 డిసెంబరులో సుప్రీంకోర్టే ఒక దిద్దుబాటు చేసింది. రాజస్థాన్ కానిస్టేబుల్ ఒకరి కేసది. మార్కుల పత్రంలో పుట్టినతేదీ దిద్దాడన్న ఆరోపణపై ఉద్యోగం పోయింది, క్రిమినల్ కేసులో మాత్రం విడుదలయ్యాడు. తీర్పులో ‘బెనిఫిట్ ఆఫ్ డౌట్’ అని ఉందా ‘గౌరవప్రదంగా’ అని ఉందా అన్నది మంత్రాక్షరం కాదని, తీర్పు లోపలి సారం చూడాలని కోర్టు స్పష్టం చేసింది. దీన్ని నియామకాలకూ అన్వయిస్తే సగం తిరస్కరణ ఉత్తర్వులు నిలబడవు. కింది కార్యాలయాలకు ఈ మాట చేరడానికి ఇంకెంతకాలం పడుతుందో గాని, రిట్ వేసేవాళ్లకు ఇది ఆధారమే.

విచిత్రమేమిటంటే, తీర్పులో ఆ మాట పడటం అన్యాయమని తోచినా అభ్యర్థి చేయగలిగింది పెద్దగా లేదు. విడుదలను సవాలు చేస్తూ ప్రభుత్వం అప్పీలుకు వెళ్లవచ్చు, బాధితులు వెళ్లవచ్చు. విడుదలైన మనిషికి మాత్రం ‘నన్ను ఇంకా బాగా విడుదల చేయండి’ అని అడగడానికి మామూలు అప్పీలు దారి లేదు. గెలిచిన కేసులో గెలుపు తీరు మీద ఫిర్యాదు చేసే వీలు చట్టం ఊహించలేదు.

అందువల్ల లెక్క అంతా ఆ కేసులో సాక్షులు ఏం చెప్పారన్న కాగితాల మీదికి వస్తుంది. ఏ-9 పేరు ఎవరూ ఎత్తలేదని, అతన్ని గుర్తుపట్టినవారు లేరని చూపేవి ఆ వాంగ్మూలాలే. చిన్న కేసుల రికార్డులు కోర్టుల్లో కలకాలం ఉండవు, గడువు తీరాక తీసేస్తారు. తీర్పు సర్టిఫైడ్ నకలుకు అర్జీ పెట్టే రోజునే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి (పీడబ్ల్యూ-1) మొదలుకొని అందరి వాంగ్మూలాల నకళ్లకూ అదే అర్జీలో రాసుకుంటే పేజీకి కొన్ని రూపాయలతో పోతుంది. బస్సెక్కే ముందు కాపీయింగ్ సెక్షన్ కిటికీ దగ్గర నిలబడాల్సిన సమయం ఓ అరగంట.